అయిదో గుండ్రం

హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పడితే మనిషికి చదువుకోవడానికి ఫ్లెక్సీ తప్ప ఇంకేం దొరకదు. మొన్న నేనూ చదివాను. నడుమ అన్న, నల్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి. వెనక ఒక పులి, అదేం పాపం చేసిందో. పైన పార్టీ పెద్దలు. కింద వరసగా గుండ్రాల్లో కార్పొరేటర్లు, మాజీ సర్పంచులు, కాబోయే సర్పంచులు. అయిదో గుండ్రంలో మా రిపోర్టరు, తన పెండ్లినాటి సూట్లో. కింద "సీనియర్ పాత్రికేయులు, అన్న వీరాభిమాని" అని ఉంది. సిగ్నల్ మారినా కదలబుద్ధి కాలేదు. వెనక ఆటో ఆయన హారన్ కొడితే కొట్టనీ అనుకున్నాను.

నాకైతే ఈ పద్ధతి నచ్చింది. సర్కారు విలేకరికిచ్చే అక్రిడిటేషన్ కార్డు జేబులో దాక్కుంటుంది, గుండ్రం నలుగురి నడుమ నిలబడుతుంది. కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ఇకమీదట ప్రతి వార్తకు పైన రాసినవారి పేరు బదులు గుండ్రం నంబరు వేయాలి. అన్న మోచేతికి ఎన్ని అంగుళాల దూరమో కూడా వేస్తే ఇంకా మంచిది. పాఠకుడు వార్త చదివే శ్రమ తప్పుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసిన హైదరాబాద్ ఇళ్ల స్థలాల కేటాయింపు చూడండి. ఎమ్మెల్యేలు, ఎంపీలు, అధికారులు, జడ్జీలు, జర్నలిస్టులు అందరూ ఒకే వరసలో. అది కోర్టుకెక్కిన ఫ్లెక్సీ, అంతే.

పుట్టినరోజు నాడు క్యాంపు ఆఫీసుకు నేనూ పోయాను. అయిదంతస్తుల కేకు. పాత్రికేయ మిత్రుల తరఫున శాలువా కప్పింది అయిదో గుండ్రమే, మొదటి ముక్క అన్న నోట్లో పెట్టిందీ ఆయనే. క్రీము కొంత అన్న మీసానికి, కొంత చానల్ మైకు గొట్టానికి అంటింది. కర్చీఫుతో ముందు మీసం తుడిచి, అదే కర్చీఫుతో గొట్టం తుడిచాడు. తర్వాత ప్రెస్‌మీట్.

"అన్నా, ఈ శుభదినాన ప్రజలకు మీరిచ్చే సందేశం?"

"ప్రజల ప్రేమే నా బలం."

"అన్నా, పదేండ్ల కింద ఎట్లున్నరో ఇప్పుడూ అట్లనే ఉన్నరు. ఏందన్నా రహస్యం?"

అన్న సిగ్గుపడ్డాడు. అందరూ రాసుకున్నారు. అప్పుడు వెనక నుంచి కొత్తగా చేరిన పిల్లగాడొకడు లేచాడు. "అన్నా, నాలా మీద కట్టిన బిల్డింగుల సంగతి..." అన్నాడు. 2020 ఆగస్టులో, 2023 జులైలో ఇదే నగరంలో కాలనీల నుంచి జనాన్ని పడవల్లో దించారు. కాబట్టి అడగరాని ప్రశ్నేమీ కాదు. అన్న నోట్లో కేకు ఉంది. జవాబు అయిదో గుండ్రం ఇచ్చింది.

"తమ్మీ, పండుగ పూట గివేం ప్రశ్నలు? నాలా యాడికి పోతది, రేపు గూడ ఉంటది."

అందరూ నవ్వారు. పిల్లగాడు కూర్చున్నాడు. బిర్యానీ వచ్చింది. తెల్లారి మూడు పేపర్లలో "అట్టహాసంగా జన్మదిన వెడుకలు" అని వచ్చింది. మూడింటిలోనూ వేడుకకు ఎత్వమే పడింది, దీర్ఘం లేదు. వాట్సాప్‌లో ప్రెస్‌నోట్ రాసి పంపింది ఎవరో నేను చెప్పను. అదే మనిషి సభల్లో మైకు దొరికితే "మాది ఇనుగుర్తి వారసత్వం" అంటాడు. ఇనుగుర్తిలో 1922లో ఒద్దిరాజు సోదరులు పల్లెలోనే ప్రెస్సు పెట్టుకుని తెనుగు పత్రిక నడిపారు. పాపం, వాళ్లకు ఫ్లెక్సీ దొరకలేదు.

మండల కంట్రిబ్యూటర్లను నేను పెద్దగా ఏమీ అనను. జీతం ఉండదు, అచ్చయిన లైన్లు లెక్కగట్టి పైసలిచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది, ఆపైన యాడ్స్ టార్గెట్. పొద్దున ఎవరి గుమ్మం ముందు యాడ్ కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడో, మాపటికి వాళ్ల మీదే వార్త రాయాలి. ఆ పాపం పట్నంలో కూర్చున్న యజమానిది. మా అయిదో గుండ్రానికి మాత్రం జీతం ఉంది, కారు ఉంది.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను.

పోయిన యేడు ఒక ముసలాయన ఈ అయిదో గుండ్రం దగ్గరికి వచ్చాడు. ఊరి చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, రాత్రికి రాత్రి హద్దురాళ్లు పాతారట. పాత పహాణీ జిరాక్సులు, ఊరోళ్లకోసం తాను రాయించిన అర్జీ, అన్నీ పాలిథిన్ కవర్లో పెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చాడు. "నా పేరు రాయకు బిడ్డా" అన్నాడు. నేను అదే గదిలో పక్క కుర్చీలో ఉన్నాను. "రాయనే, నీకెందుకు రంది" అన్నాడు ఈయన. ముసలాయన మెట్లు దిగకముందే ఆ కాగితాలను ఫోన్‌తో ఫొటో తీసి అన్నకు పంపాడు. అర్జీ కింద ముసలాయన వేలిముద్ర, పక్కన పేరు. ఏందయ్యా ఇది అంటే "వివరణ తీసుకోవాలె గద సార్" అన్నాడు.

మాపటికి ముసలాయన ఇంటి ముందు రెండు బండ్లు ఆగాయి. తెల్లారి పొలంలో మోటరు స్టార్టర్ డబ్బా పగిలి ఉంది. వార్త రాలేదు.

వివరణ అంటే అడుగుడురా, అప్పజెప్పుడు కాదు! సమాచారం ఎవరిచ్చారో చెప్పమని ప్రెస్ కౌన్సిల్ కూడా ఏ విలేకరినీ బలవంతపెట్టరాదని 1978 చట్టంలోనే రాసి ఉంది. చట్టం అడగనిది, పోలీసు అడగనిది, ఎవడూ అడగకముందే నువ్వే పంపితివి. దేనికోసం? గుండ్రం కోసం! నిన్ను నమ్మి రెండు బస్సులెక్కి వచ్చిన మనిషిని చూపించి ఇస్తివి గదరా.

మొన్న ఆ ఊరికి పోయాను. ముసలాయన గడ్డివాము మీద ఎవరిదో పాత ఫ్లెక్సీ కప్పుతున్నాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. చాయ తెప్పించాడు.

"తాతా, చెరువు సంగతి ఏమైందే?" అని అడిగాను.

కొస గట్టిగా కట్టి, నా చేతిలో ఉన్న డైరీ వైపు చూశాడు.

"మీ దిక్కు వానలెట్లున్నయ్ బిడ్డా?" అన్నాడు.