ఆరువందల ఎంఎం లెన్సు గారికి ఒక విన్నపం

దూరాన ఉన్న పిట్టలను ఫోటోల్లోకి దగ్గరగా లాగే మహారాజశ్రీ ఆరువందల ఎంఎం జూమ్ లెన్సు గారి సముఖానికి,

హనుమకొండ నుంచి ఒక మామూలు బైనాక్యులర్ మనిషి నమస్కరించి రాసుకునేది. చలి ముదిరింది. ఇండ్లల్లో చెద్దర్లు బయటికొచ్చాయి, వాటితో పాటు తమరూ వచ్చారు. ఆదివారం తెల్లారకముందే నర్సంపేట రోడ్డు మీద, ములుగు రోడ్డు మీద తమ ఊరేగింపులే. రెండు కిలోల ఒళ్లు, ఒంటికి ఆకుల రంగు చొక్కా, కారులో ముందు సీటు, సీటు బెల్టు. తమ యజమాని నాకు పాత దోస్తు. నన్ను మాత్రం వెనక సీట్లో టిఫిన్ డబ్బా పక్కన సర్దుతాడు. ఆ ఆకుల చొక్కా దేనికని ఒకసారి అడిగాను. పిట్టలకు మీరు కనబడొద్దట. మిమ్మల్ని మోసుకొచ్చిన కారు ఎర్రది, మిమ్మల్ని ఎత్తుకున్న మనిషి జర్కిన్ నారింజ రంగుది. పిట్టలకు ఆ రెండూ కనబడవు కాబోలు.

మీ దినచర్య మీదే నాకు మొదటి సందేహం. పొద్దున ఆరింటికి పాకాల చెరువు కట్ట మీద నిలబడితే మంచు. ఆ మంచులో తమరు పిట్టను వదిలేసి ముందున్న తుమ్మకొమ్మను పట్టుకుంటారు, గిర్రుగిర్రుమని అటూ ఇటూ వెతుక్కుంటారు. పది దాటితే నీళ్ల మీద వేడిగాలి అలలాడుతుంది, దూరంగా ఉన్న బాతు ముద్దగా వస్తుంది. నడుమ మిగిలేది ఒక రెండు మూడు గంటలు. ఆ వేళకు మనవాళ్లంతా నర్సంపేటలో మైసూరుబజ్జీల ముందుంటారు.

పాకాల అంటే గుర్తొచ్చింది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో, ఆ చెరువు కట్టింది మీ కోసం కాదు, బాతుల కోసమూ కాదు. వరి కోసం. నీళ్లుంటే బాతులు వాటంతటవే వచ్చాయి. సూదితోక బాతులు హిమాలయాలు దాటి వస్తాయి, రాత్రంతా మేస్తాయి, పగలు నీటి నడుమ తల రెక్కలో దూర్చి పడుకుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో తిరిగి పోవడానికి ఒంట్లో కొవ్వు దాచుకోవాలి. మీకు నిద్రపోయే బాతు పనికిరాదు. ఎగిరే బాతు కావాలి, గుంపుగా ఎగిరితే ఇంకా మంచిది. అందుకని చేపలు పట్టేవాళ్లతో తెప్ప మాట్లాడుకుంటారు. అరవై బాతులు లేచి చెరువంతా చుట్టి మళ్లీ వాలితే మీకొక ఫోటో. ఆ తిరుగుడుకు ఖర్చయిన కొవ్వు లెక్క మీ మెమరీ కార్డులో ఎక్కదు.

ఇక రోడ్డు సంగతి. ఈ కాలంలో మా రోడ్లు సగమే రోడ్లు, మిగతా సగం వడ్ల కళ్లాలు. టార్పాలిన్ల మీద వడ్లు ఆరబోసి, రాళ్లు పేర్చి, కర్రకు ఎర్రగుడ్డ కట్టి, పక్కన మంచమేసుకుని ఎవరో ఒకరు కాపలా కూర్చుంటారు. వడ్ల మీదికి గువ్వలొస్తే "హుష్" అని తోలడమే వాళ్ల పని. సరిగ్గా అక్కడే మనం కారాపి, స్టాండు దించి, తమర్ని దాని మీద ప్రతిష్ఠించి, ఆ గువ్వలనే "రావే, రావే" అని బతిమాలతాం. మొన్న ఒక పెద్దాయన మంచం దిగి వచ్చాడు.

"భూములు కొల్వనీకి వచ్చిండ్లా సారూ?"

నవ్వకండి. నాగ్‌పూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ రోడ్డుకు మా జిల్లాల్లో భూములు పోతున్నాయి. మూడు కాళ్ల స్టాండు మీద గొట్టం పెట్టి పొలం వైపు గురిపెట్టినవాణ్ని రైతు ఇంకేమనుకోవాలి? పిట్టల కోసం వచ్చామంటే ఆయన నమ్మలేదు. పిట్టల కోసం పెట్రోలు పోసుకుని వచ్చేవాళ్లుంటారని ఎవరు మాత్రం నమ్ముతారు? చివరికి ఆయనే కరెంటు తీగ వైపు చేయి చూపించి, "గదో, పాలపిట్ట, పొద్దుగాల్నుంచి గాడ్నే ఉన్నది" అన్నాడు.

పాలపిట్ట! దసరా నాడు జమ్మి దగ్గరికి పోయే ముందు ఊరంతా మెడలెత్తి వెతికే పిట్ట, మన రాష్ట్ర పక్షి. తమరు చూశారు, పెదవి విరిచారు. తీగ అడ్డం. కూర్చున్నప్పుడు రంగు లేదు. నిజమే, కూర్చున్న పాలపిట్ట మట్టిరంగులోనే ఉంటుంది, రెక్క విప్పితేనే ఆ నీలం. అందుకే మనలో ఒకాయన చప్పట్లు కొట్టాడు, ఇంకొకాయన గులకరాయి అందుకున్నాడు. అది ఊరికే కూర్చోలేదు మహాప్రభో. కొయ్యకాళ్లలో మిడత కదిలేదాకా కదలకుండా కాచుకోవడమే దాని వేట. రాయి వేస్తే ఆ పూట తిండి మీద వేసినట్టే.

అది లేచింది. తమరు సెకనుకు ఇరవై చొప్పున టకటకమన్నారు. వెంటనే నలుగురూ మీ వెనక తెర మీదికి వంగి, ఫోటోలో రెక్క తెగిందా, కన్ను షార్ప్‌గా ఉందా అని వాదులాట. ఈలోపు అది నాలుగు స్తంభాల అవతలి తీగ మీద వాలింది. కాసేపటికి గడ్డిలోకి జారి, ముక్కున మిడతతో మళ్లీ పైకొచ్చింది. మిడత కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. తల అటూ ఇటూ విసిరి దాన్ని తీగకేసి రెండుసార్లు బాదింది, ఎగరేసి పట్టుకుంది, మింగింది. చూసింది నేనూ, వడ్ల పెద్దాయనా. మిగతావాళ్లు తెరలో పాత పాలపిట్టను పెద్దది చేసి చూస్తున్నారు.

మీ తమ్ముడు బ్లూటూత్ స్పీకర్ గారి గురించి కూడా ఒక మాట. చెట్టుతొర్రలో పగలు కునుకు తీసే పైడికంటెకు, అంటే చిన్న గుడ్లగూబకు, దాని కూతే వినిపిస్తారు. ఎవడో తన జాగాలోకి దూరాడనుకుని అది కళ్లెర్రజేసి బయటికొస్తుంది. లేని శత్రువు కోసం వెతుకుతుంది. మీరు దాన్ని 'ముద్దుగా ఉంది' అని స్టేటస్ పెడతారు.

1931లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వేకు దిగినప్పుడు ఆయన దగ్గరున్నది తుపాకీ. అప్పటి పద్ధతి అది. తుపాకీని నేను సమర్థించను గానీ, అది పేలితే కనీసం ఫలానా తేదీ, ఫలానా ఊరు, ఫలానా పిట్ట అని ఒక చీటీ మిగిలేది. తమరు పేల్చే వేల ఫోటోల కింద తేదీ రాయరు, ఊరు రాయరు. అడిగితే 'లొకేషన్ సీక్రెట్'. ఉండేది పిట్ట కంటే పెద్దగా యజమాని పేరు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు ఉంటే ఏ చెరువులో ఏ రోజు ఎన్ని బాతులో రాసుకోవచ్చు. పిట్టల లెక్కలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే రేపు ఎవరికైనా పనికొస్తుంది. దానికి ఫోటో అక్కర్లేదు, తమరసలే అక్కర్లేదు. అందుకే కాబోలు మన బండిలో నోటుబుక్కు కనబడదు.

విన్నపం ఏమిటంటే, సంక్రాంతి దాకా తమరు సెలవు మీద బీరువాలో ఉండండి. తేమ తగలకుండా సిలికా జెల్ పొట్లాలు నేనే కొనిపెడతాను.

మొన్న కారెక్కే ముందు ఆ పెద్దాయన తమర్ని దగ్గరికొచ్చి పరీక్షగా చూశాడు.

"ఎంతుంటది సారూ ఇది?"

లక్ష దాటిందన్నాడు మా దోస్తు, కాస్త గర్వంగానే.

"గా పైసలకు మంచి ముర్రా బర్రె వచ్చుగదా సారూ. పాలకు పాలు. ఈపు మీద పసులపోలిగాడు పిట్ట ఉత్తగనే వాలుతుండె."

ఇట్లు,
వెనక సీటు మనిషి