ఐదు గళ్ళ మహారాజశ్రీ లికర్ట్ స్కేలు గారికి

మారతహళ్ళి, బెంగళూరు.

మహారాజశ్రీ లికర్ట్ స్కేలు గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమమంటే పూర్తిగా క్షేమమా, కొంతవరకు క్షేమమా అని మీరు వెంటనే అడుగుతారని తెలుసు. ఉభయకుశలోపరి అని రాసి ఊరుకునే రోజుల్లో ఈ బాధ లేదు.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. మూడేళ్ళుగా మీ కొలువులోనే ఉన్నాను. ఆర్డరు కాగితంలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ అని రాశారు గానీ, పొద్దున లేచింది మొదలు నేను చేసేది సర్వే ఫారంలోని ఒక్కో వాక్యం చదివి, దానికి ఎంతవరకు ఒప్పుకుంటారో అడిగి, మనుషుల్ని మీ ఐదు గళ్ళలో సర్ది కూర్చోబెట్టడమే. మాది హిందూపురం. తెలుగు వచ్చు, కన్నడం వింటే అర్థమవుతుంది. అందుకని మూడు ప్రాజెక్టులకూ నన్నే తిప్పుతున్నారు. ఆసుపత్రికొచ్చిన రోగులకు తృప్తిగా ఉందా అన్నది ఒకటి. బతుకుదెరువుకి బెంగళూరు వచ్చినవాళ్ళు ఫోన్‌లో యాప్ పెట్టుకుని కన్నడం నేర్చుకోవడం ఇంకొకటి. మూడోది బడిలో ట్యాబ్‌లు. వైద్యానికీ భాషకీ బడికీ ఏం చుట్టరికమో నాకు తెలీదు. మూడు ఫారాల్లోనూ కనబడే చుట్టం మాత్రం మీరొక్కరే. "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" దగ్గర మునిగి "అస్సలు ఏకీభవించను" దగ్గర తేలతారు.

ముందుగా ఒక క్షమాపణ. మా డిపార్ట్‌మెంట్‌లో మిమ్మల్ని అందరూ "లైకర్ట్" అంటారు. మిమ్మల్ని కన్న రెన్సిస్ లికర్ట్ గారి ఇంటిపేరు లికర్ట్ అనే పలకాలి. ఒకసారి మీటింగులో నేను అలాగే పలికితే, మా గైడ్ సారు నా ఇంగ్లీషు మీద జాలిపడి సరిదిద్దారు. అప్పట్నుంచి నేనూ లైకర్ట్ అనే అంటున్నాను. ఉద్యోగం కాంట్రాక్టుది.

మీరు పుట్టింది 1932లో, అమెరికాలో. కాలేజీ కుర్రాళ్ళ అభిప్రాయాలు కొలవడానికి. అంతకుముందు థర్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గారి పద్ధతిలో ఆ పని పెద్ద తతంగం. వాక్యాలన్నీ పోగేసి, తీర్పరుల్ని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యాన్నీ పదకొండు కుప్పల్లో ఏదో ఒకదాంట్లో వేయించాలి. తీర్పరులూ వద్దు, కుప్పలూ వద్దు, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలేసి కూడేస్తే దాదాపు అదే ఫలితం వస్తుందని మీ నాయనగారు చూపించారు. ఒకే విషయం మీద చాలా వాక్యాలు అడిగి, వాటి మొత్తం చూడమన్నారు. అది తెలివైన పనే, కాదనను. ఇప్పుడు ఒకే ఒక్క వాక్యం అడిగి, ఐదు గళ్ళు గీసి, దాన్ని కూడా మీ పేరుతోనే పిలుస్తున్నారు. ఆయన ఇది చూడకుండానే 1981లో పోయారు.

ఇక ఆసుపత్రి సంగతి. పేరు చెప్పను, పెద్దాసుపత్రి. మదనపల్లె, కదిరి, పెనుకొండ వైపు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఓపీ ముందు వాలే మనవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. టోకెన్ తీసుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ దగ్గరికి నేను ప్యాడ్ పట్టుకుని పోతాను. ఆ రోజు దొరికింది కదిరి పక్క పల్లె నుంచి వచ్చిన అవ్వ. మోకాళ్ళ నొప్పులు. మనవడు మందుల క్యూలో ఉన్నాడు. సమ్మతి పత్రం చదివి వినిపించి, సాక్షి ముందు వేలిముద్ర వేయించుకుని మొదలుపెట్టాను.

"వైద్య సిబ్బంది నా సమస్యను శ్రద్ధగా విన్నారు."

"ఎవురు, ఆ సన్న డాక్టరమ్మా? ఇనింది. ఫోనొస్తే బయటికి పాయ. మళ్ళొచ్చి ఇనింది."

"అయితే పూర్తిగా ఏకీభవిస్తున్నారా, ఏకీభవిస్తున్నారా అవ్వా?"

"ఏకీ... అంటే ఏంది పాపా?"

ఏంటో నాకు మాత్రం తెలుసా స్కేలు గారూ? మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఎవరితోనూ ఏకీభవించలేదు. అవునన్నారు, కాదన్నారు, తలుపు ధడేలుమని వేసి వెళ్ళిపోయారు. నేను మొదట "అవునంటాను" అనే రాశాను. కానీ మీ ఆస్థానంలో ఒక పరీక్ష ఉంది. ఒకరు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తారు. మొదటి ఇంగ్లీషు ముఖం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి పంపుతారు. రెండూ పోల్చి చూస్తారు. 1970లో బ్రిస్లిన్ గారు రాసిన దగ్గర్నుంచీ ఇదే ఆనవాయితీ. నా "అవునంటాను" తిరిగి వెళ్ళేసరికి ఉత్త "యెస్" అయి కూర్చుంది, కొట్టేశారు. "ఏకీభవిస్తున్నాను" మాత్రం పోయిన దారినే భద్రంగా తిరిగొచ్చింది. ఇంగ్లీషుకి తిరిగి పోవడానికి పనికొచ్చింది గనుక అది మంచి తెలుగు. అవ్వకి అర్థమైందా లేదా అన్న గడి ఆ పరీక్షలో లేదు.

తర్వాతి ప్రశ్నకి అవ్వ "పర్లేదులే" అంది. మీకు ఈ మాట వినపడగానే అటూ ఇటూ కాని మూడో గడి గుర్తొస్తుంది, మా సారుకీ అంతే. కొత్త అల్లుడి ఉద్యోగం గురించి మామ పర్లేదంటే అది ఐదు. పెళ్ళి భోజనం గురించి పెళ్ళికొడుకు మేనత్త పర్లేదంటే అది ఒకటి, ఇంకా గొడవ మిగిలే ఉందని అర్థం. అవ్వ పర్లేదంటూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఏ గడిలో పెట్టను?

నొప్పి దగ్గరికొచ్చేసరికి ఆవిడే నాకు దారి చూపించింది. "మందులు వాడిన తరవాత నా నొప్పి గణనీయంగా తగ్గింది" అని చదివాను. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "రూపాయికి పావలా తగ్గింది పాపా" అంది.

పావలా బిళ్ళ 2011 జూన్ నెలాఖరు నుంచి చెల్లకుండా పోయింది గానీ, మా అవ్వల మోకాళ్ళలో ఇంకా చెలామణీలోనే ఉంది. ఎంత నిక్కచ్చిగా చెప్పిందో చూశారా? స్టీవెన్స్ అనే ఆయన 1946లోనే కొలతల్ని నాలుగు రకాలుగా విడదీశాడు. పేరు మాత్రమే చెప్పేవి ఒక రకం, వరుస చెప్పేవి ఇంకో రకం, అంకెకీ అంకెకీ మధ్య దూరం సమానంగా ఉండేవి మూడో రకం. అసలైన సున్నా ఉండి, సగమంటే సగమూ పావంటే పావూ అయ్యేవి అన్నిటికన్నా పై మెట్టు. ఆ లెక్కన అవ్వది పై మెట్టు. మీ ఒక్కో ప్రశ్నా వరుస చెప్పే మెట్టు మీదే. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య దూరమూ, నాలుగుకీ ఐదుకీ మధ్య దూరమూ ఒకటేనని ఎవరూ టేపు పెట్టి చూడలేదు. అయినా నేను అవ్వ పావలాని మీ రెండో గడిలో వేసుకుని వచ్చాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, మీ అంకెలన్నీ కూడి, భాగించి, దశాంశం తర్వాత రెండంకెల దాకా సగటు తీశాను. ఆ రెండంకెలు చూస్తే సారు మొహం వెలిగిపోతుంది.

చివర్లో అవ్వ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "మిగతావన్నీ బాగుందనే ఏసుకో పాపా. బాగలేదని రాస్తే రేపు మందు ఇయ్యరేమో." అడిగేవాళ్ళని నొప్పించకుండా అన్నిటికీ తలూపడం గురించి మీవాళ్ళు బోలెడంత రాశారు, దానికి పెద్ద పేరే ఉంది. ఆసుపత్రికొచ్చిన అవ్వ అది చదవలేదు, అంతే.

భాష ప్రాజెక్టులో ఇంకో వింత. శాంపిల్ తక్కువైందని నన్నూ అందులో కలిపేశారు. పరభాష తరగతిలో మాట్లాడాలంటే పుట్టే బెదురుని కొలవడానికి ఇద్దరు హోర్విట్జ్‌లూ కోప్ గారూ 1986లో 33 వాక్యాల స్కేలు ఒకటి తయారుచేశారు, అమెరికాలో పరభాషలు నేర్చుకునే కాలేజీ పిల్లల కోసం. ఆ బెదురు నిజమే, దాన్ని పట్టించుకున్నందుకు వాళ్ళకి దండం పెట్టొచ్చు. మావాళ్ళు అందులోంచి ఓ పది వాక్యాలు ఏరి, కొన్ని సొంతంగా కలిపి నా ముందు పెట్టారు. "యాప్ వల్ల కన్నడంలో మాట్లాడే ధైర్యం పెరిగింది" అన్నదానికి నాలుగో గడిలో టిక్కు పెట్టాను. నలభై రోజులు వరసగా యాప్ తెరిచినదాన్ని, ఆ మాత్రం లేకపోతే ఎట్లా?

ఆ సాయంత్రమే కొత్తిమీర బండి దగ్గర నిలబడ్డాను. పర్సులో చిల్లర వెతుక్కుంటుంటే బండాయన రెండు కట్టలు చేతిలో పెట్టి, "సాకా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సాకేం కాదన్నా, నిజంగానే చిల్లర లేదు" అన్నాను, అచ్చ తెలుగులో. ఆయన పగలబడి నవ్వి, అంతకన్నా అచ్చమైన చిత్తూరు తెలుగులో, "సాకంటే చాలా అనిమ్మా" అన్నాడు. ఆయన ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళయిందట. అప్పట్నుంచి రోజూ బండి దగ్గర ఒక మాట నేర్పుతున్నాడు, తప్పు పలికితే కరివేపాకు కొసరు వేయడు. నా ధైర్యం పెరిగిన మాట నిజమే. ఆ మార్కులు మాత్రం యాప్ ఖాతాలో పడ్డాయి.

ట్యాబ్‌ల గురించి ఎక్కువ రాయడానికేం లేదు, అవి బీరువాలో ఉన్నాయి. తాళం హెడ్‌మాస్టర్ గారి దగ్గర. స్టాఫ్ రూమ్‌లో ఉన్నది ఒకటే ప్లగ్గు, దానికి టీ కెటిల్ తగిలించి ఉంది. కొత్త సాంకేతికతని జనం వాడతారా లేదా అన్నది, అది ఉపయోగమనిపించడం మీదా సులువనిపించడం మీదా ఉంటుందని ఫ్రెడ్ డేవిస్ గారు 1989లో చెప్పారు. ప్లగ్గు గురించి మా ఫారంలో ఎవరూ అడగలేదు. ఆ బడిలో ఒక టీచరమ్మ ఫారం తీసుకుని, నోటు పుస్తకాలు దిద్దుతూనే, ఐదో గడి మీద పైనుంచి కిందికి నిట్టనిలువుగా గీత గీసింది. "ట్యాబ్ వల్ల నా పని పెరిగింది" అన్న వాక్యాన్నీ ఆ గీత దాటుకుంటూ పోయింది. అది జనం చదువుతున్నారో లేదో చూడడానికి మేం తిప్పి రాసిన వాక్యం. ఇంకా చాలామంది అలాగే గీశారు.

ఆ రాత్రి క్రాన్‌బాక్ ఆల్ఫా చూశాం, అంటే ఫారంలో వాక్యాలన్నీ ఒకదానికొకటి పొత్తుగా ఉన్నాయా లేదా అని చెప్పే అంకె. 1951 నుంచీ ఆ అంకె మీ పెళ్ళిళ్ళకి పురోహితుడు, అది 0.7 దాటితే గానీ ముహూర్తం కుదరదు. మాది దాటలేదు. ఏ వాక్యాన్ని తీసేస్తే ఆల్ఫా ఎంత పెరుగుతుందో సాఫ్ట్‌వేరే పట్టీ వేసి చూపిస్తుంది. ఫారంలో అబద్ధాన్ని పట్టుకున్న వాక్యం ఆ తిప్పి రాసినదొక్కటే. పట్టీలో వేలెత్తి చూపించిందీ దాన్నే. తీసేశాం. ముహూర్తం కుదిరింది.

మీ మీద నాకు పగేం లేదు. మీరున్నారు గనుక నెలకింత జీతం, అది కూడా రెండు నెలలు ఆలస్యంగా, వస్తోంది. సందేహం ఒకటే: అందరూ మిమ్మల్ని అడ్డం పెట్టుకుని పేపర్లు వేస్తున్నారు కదా, మీరు ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారా?

ఇట్లు,
మీ విధేయురాలు,
ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ (తాత్కాలికం)

తా.క.: సమ్మతి పత్రం మీద సందేహాలుంటే చేయమని నా ఫోన్ నంబరే వేశారు. నిన్న మధ్యాహ్నం కదిరి అవ్వ ఫోన్ చేసింది, మనవడి చేత నంబరు నొక్కించి. "అన్నీ రాసుకుంటివి గదా పాపా, ఎవురూ ఏమీ చెప్పల్యా. మందు మారస్తారా, ఇదే మింగాల్నా?" అంది. "ఈ అధ్యయనం వల్ల మీకు నేరుగా ప్రయోజనం ఉండకపోవచ్చు" అన్న వాక్యాన్ని ఆ రోజు నేను కాస్త గబగబా చదివాను. సోమవారం రమ్మన్నాను. ఎనిమిదింటికల్లా ఓపీ గేటు దగ్గరుంటానని చెప్పాను. ఆ రోజు ఫారాలు పట్టుకుపోవడం లేదు.