మోకాలి దిగువ ప్రాంతాల అభివృద్ధి

ప్రాంతీయ అసమానతల గురించి తెలుగువాళ్లకు ఇంకొకరు పాఠం చెప్పక్కర్లేదు. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నాం. 1956లో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నాం. రెండింటిలోనూ ఉన్న భయం ఒకటే: ఉన్నదంతా తీసుకెళ్లి ఒకచోటే పెట్టేస్తారేమోనని. ఇంత అనుభవం ఉన్న జాతిలో పుట్టిన కుర్రాళ్లు ఇంట్లో ఉన్న డబ్బంతా తెచ్చి కాళ్ల ఎముకల మీద కుమ్మరించి, చేతులకూ మొండేనికీ పైసా విదల్చకపోవడం చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఎత్తు పెంచే ఆపరేషన్ గురించే చెబుతున్నాను. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. అసూయతో రాస్తున్నాడని అనుకునేవాళ్లు అనుకోవచ్చు. పూర్తిగా తప్పని నేనూ అనలేను.

నిజానికి ఈ విద్య పెళ్లిసంబంధాల కోసం పుట్టలేదు. సైబీరియాలో కుర్గాన్ అనే ఊరి పక్కన గవ్రీల్ ఇలిజరోవ్ అనే డాక్టరు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కాలం. విరిగి అతకని కాళ్లు, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయిన కాళ్లు, కుళ్లుతున్న కాళ్లు. కాలు చుట్టూ ఇనుప రింగులు అమర్చి, ఎముకలోకి సన్నటి తీగలు గుచ్చి, మరలు బిగించి ఆయన వాటిని అతికించేవాడు. ఒక రోగి మరను బిగించాల్సిన వైపు కాకుండా అవతలి వైపు తిప్పాడని, ఎముక ముక్కల మధ్య ఏర్పడిన సందులో కొత్త ఎముక పుట్టుకొచ్చిందని ఒక కథ చెప్పుకుంటారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం కొట్టిన వలెరీ బ్రూమెల్ మరుసటి ఏడే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకున్నాడు. ఎన్నెన్నో ఆపరేషన్లు అయ్యాక చివరికి ఈ డాక్టరు చేతిలో పడి మళ్లీ గెంతాడు. అలా సమానంగా లేని కాళ్లను సమానం చేయడానికి మొదలైన విద్య, ఇవాళ చక్కగా ఉన్న రెండు కాళ్లనూ విరిచి, మిగతా ఒంటితో సమానం కాకుండా చేయడానికి కూడా పనికొస్తోంది. శాస్త్రం ముందుకు పోతుందంటే ఏమో అనుకున్నాను. ఇలా పైకి కూడా పోతుందన్నమాట.

పద్ధతి తెలియనివారి కోసం కాస్త వివరంగా చెప్పాలి. తొడ ఎముకనో పిక్క ఎముకనో అడ్డంగా కోస్తారు. కోసిన రెండు ముక్కల్ని రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూరం జరుపుతారు. ఆ మిల్లీమీటరును కూడా ఒక్కసారే కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు జరపడం పాత ఆనవాయితీ. సందులో మెత్తటి కొత్త ఎముక పుడుతుంది, తర్వాత గట్టిపడుతుంది. ఇప్పుడు బయట రింగులు లేకుండా ఎముక లోపలే పెట్టే కడ్డీలు వచ్చాయి. వాటిలో అయస్కాంతం ఉంటుంది. బయటి నుంచి ఒక యంత్రం ఆనించి మీట నొక్కితే లోపల కడ్డీ సాగుతుంది. మా ఇంట్లో రిమోట్ కోసం కొట్టుకునే పిల్లల్ని తలుచుకుంటే నాకు ఈ భాగం దగ్గర కాళ్లు వణికాయి.

రోజుకు మిల్లీమీటరు అంటే తక్కువేం కాదు. మన నీటి ప్రాజెక్టులతో పోలిస్తే మెరుపు వేగం. ఎనిమిది సెంటీమీటర్లకు ఎనభై రోజులు. ఆ తర్వాత ఎముక గట్టిపడేదాకా నెలల తరబడి వేచి ఉండాలి. కానీ అసలు చిక్కు ఎముకతో కాదు. ప్రాజెక్టు కట్టి పిల్లకాలువలు తవ్వనట్టుగా ఉంటుంది యవ్వారం. ఎముక సాగినంత సుఖంగా కండరం సాగదు, నరం సాగదు. పిక్క కండరం బిగిసిపోతే మడమ నేలకు ఆనదు. మనిషి మునివేళ్ల మీద నిలబడిపోతాడు. మోకాలు వంగడానికి మొరాయిస్తుంది. గంటల కొద్దీ ఫిజియోథెరపీ చేయించుకోవాలి. అంటే అయిదారు లక్షల మంది ఉచితంగా చేస్తున్న పనిని, అనగా నడవడాన్ని, ఈయన లక్షలు పోసి కొత్తగా నేర్చుకుంటాడు. అయిదారు లక్షలని ఎందుకన్నానంటే, మా జిల్లాలో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లేవాళ్ల మీద నాకున్న అంచనా అది.

సరే, కష్టం పడ్డాడు, నొప్పి ఓర్చాడు, ఎత్తు పెరిగాడు. ఇప్పుడు లెక్కలు చూద్దాం. మామూలు మనిషిలో పిక్క ఎముక పొడవు తొడ ఎముకలో సుమారు ఎనభై శాతం ఉంటుంది. తొడ ఎముక 45 సెంటీమీటర్లు, పిక్క ఎముక 36 అనుకోండి. పిక్క ఎముకకు ఆరు కలిపితే 42. శాతం తొంభై మూడు. మోకాలు ఎక్కడో పైకి ఎగబాకుతుంది, కింద కొంగ కాళ్లు మిగులుతాయి. పిక్కను వదిలేసి తొడకు ఎనిమిది కలిపామంటే శాతం అరవై ఎనిమిదికి పడుతుంది. అప్పుడు ఆర్టీసీ బస్సులో ముందు సీటు వెనక రేకు ఆ మోకాళ్ల సంగతి చూసుకుంటుంది. రెండూ పొడిగించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కాళ్ల వరకు పొంతన కుదురుతుంది. కాకపోతే ఆ కాళ్ల మీద కూర్చున్న మొండెం పాత మనిషిది.

దీన్ని మొదట కనిపెట్టేది డాక్టరు కాదు, దర్జీ. మా టైలర్ మాస్టారికి నేను ఈ అంకెలన్నీ ఒక ఊహగా చెప్పి, ఇలాంటి మనిషికి ఒక జత కుట్టాలంటే ఎలాగండీ అని అడిగాను. ఆయన టేపు మెడలో వేసుకుని కాసేపు ఆలోచించాడు.

"ప్యాంటు పొడవు నలభై ఒకటి. షర్టు చెయ్యి చూస్తే పొట్టిది. భుజం చిన్నది. ఇద్దరు మనుషులకి కుట్టాలా సార్?"

"ఒక్కడేనండీ."

"అయితే కొలతలు తీసినవాడిని మార్చండి," అన్నాడు.

చేతుల సంగతి దగ్గరే నాకు గుండె చెరువవుతుంది. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండే పొడవు, మనిషి ఎత్తుకు ఇంచుమించు సమానం. ఇది అమెరికా నుంచి వచ్చిన ఫ్యాషన్ సలహా కాదు. చరకుడు మనిషిని ఎవరి వేళ్లతో వాళ్లనే కొలవమన్నాడు. ఎనభై నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలన్నాడు. పొడవూ బార వెడల్పూ సమానంగా ఉన్న దేహాన్నే సమ దేహం అన్నాడు. ఆపరేషన్ అయినవాడు తన వేళ్లతో తను కొలుచుకుంటే ఎనభై ఎనిమిది వస్తుంది. వేలు మాత్రం పెరగలేదు కదా. అదే చరకుడు నిందకు పాత్రులయ్యే ఎనిమిది రకాల దేహాల జాబితా ఒకటి ఇచ్చాడు. అందులో మరీ పొట్టివాడున్నాడు, నిజమే. కానీ వాడి పక్కనే మరీ పొడుగువాడూ ఉన్నాడు. మన పెళ్లిళ్ల పేరయ్యలు ఆ జాబితాలో సగమే చదివారని నా అభియోగం.

ఇక ఆజానుబాహుడు. తెలుగు అమ్మమ్మలందరికీ మనవడు ఆజానుబాహుడు కావాలని కోరిక. ఆ మాటకు పొడుగువాడని అర్థం చెప్పేసుకున్నాం గానీ అసలు అర్థం మోకాళ్లను తాకే చేతులు గలవాడని. మామూలు మనిషి చేతివేళ్లు నడి తొడ దాకా వస్తాయి. తొడ ఎముక పొడిగించుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. మోకాలు మరో ఎనిమిది సెంటీమీటర్లు చేతికి అందకుండా పారిపోతుంది. ఆజానుబాహుడు అవుదామని బయల్దేరి ఉన్న జానువును కూడా దూరం చేసుకున్న మొదటి తరం ఇదే.

ఈ పరిస్థితిలో చేతులు ఒక వినతిపత్రం ఇచ్చాయని అనుకుందాం. "అయ్యా, పుట్టినప్పటి నుంచి అన్నం పెట్టింది మేము. సంతకాలు పెట్టింది మేము. ఆపరేషన్ అంగీకార పత్రం మీద సంతకం కూడా మేమే పెట్టాం. పీఆర్‌సీ మాత్రం కాళ్లకు ఇచ్చారు. బకాయిలతో సహా మాకూ వర్తింపజేయ ప్రార్థన." దీనికి సమాధానం ఏం చెబుతారు? చేతులు పొడిగించే విద్య ఉన్నమాట వాస్తవం. పుట్టుకతో మరుగుజ్జుగా ఉన్నవారికి, సొంత ఒంటిని శుభ్రం చేసుకోవడానికి కూడా చెయ్యి అందనివారికి అది నిజంగా మేలు చేస్తుంది. అక్కడ వెక్కిరింతకు చోటు లేదు. కానీ కాళ్లకు పెంచాం గనుక చేతులకూ, చేతులకు పెంచాం గనుక మెడకూ అంటూ పోతే ఎక్కడ ఆగుతుంది? వెన్నెముక ఊరుకుంటుందా? అది అన్నిటికన్నా సీనియరు.

2016 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక కుర్ర సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంట్లో చెప్పకుండా ఈ ఆపరేషన్‌కు వెళ్లాడు. కొడుకు కనిపించడం లేదని తల్లిదండ్రులు వెతికి వెతికి, చివరికి ఆసుపత్రి మంచం మీద కనుక్కున్నారు. పెద్ద గొడవైంది. తెలంగాణ వైద్య మండలి ఆ డాక్టరును రెండేళ్లు సస్పెండ్ చేసింది. అప్పుడు అందరూ ఆ కుర్రాడిని తప్పుపట్టారు. అతని ఎత్తు అప్పటికే ఐదడుగుల ఏడంగుళాలని పత్రికల్లో వచ్చింది. భారతీయ యువకుడి సగటు ఎత్తు సుమారు 166 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల ఐదంగుళాలు దాటి కాస్త. సగటు కన్నా పొడుగ్గా ఉన్నవాడికి తాను పొట్టినని ఎవరు చెప్పారు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే మనందరం వరసలో నిలబడాల్సి వచ్చేది.

దీనికి పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. 2022 డిసెంబరులో మహబూబ్‌నగర్‌లో పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు వచ్చిన ఒక అమ్మాయి జుట్టులో మైనం ముద్ద దాచుకుని వచ్చింది. ఎత్తు కొలిచే యంత్రానికి తల తగలక సెన్సరు పలకలేదు. దొరికిపోయింది. ఆ రోజు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆమెకు కావలసింది ఉద్యోగం. నోటిఫికేషన్‌లో ఒక అంకె ఉంది, ఆ అంకెకు కొంచెం తక్కువైంది. కనీసం ఆ అంకెను ప్రభుత్వం అచ్చేసి ఇచ్చింది. పెళ్లికొడుకు ఐదు పది ఉండాలని ఏ గెజిట్‌లో వేశారు?

చైనా 2006లో అందం కోసం చేసే ఈ ఆపరేషన్లను నిషేధించింది. మన దగ్గర నిషేధించాలని నేను కోరను. నిషేధిస్తే జనం ఇస్తాంబుల్ వెళ్తారు, ఇప్పటికే వెళ్తున్నారు. విమానంలో కాళ్లు పట్టక తిరిగొస్తారు.

నా అభ్యంతరం వేరే. ఇంత ఖర్చుపెట్టి సంపాదించిన ఎత్తును మన పెళ్లి పద్ధతిలో చూపించుకునే ఘడియ ఎక్కడుంది? పెళ్లిచూపుల్లో ఏం చేస్తారు? కూర్చుంటారు. అబ్బాయి సోఫాలో కూర్చుంటాడు, అమ్మాయి ఎదురుగా కూర్చుంటుంది, మధ్యలో మిక్చర్ ప్లేటు ఉంటుంది. కూర్చున్నప్పటి ఎత్తు మొండెం ఇచ్చేది, కాళ్లు ఇచ్చేది కాదు. 165 సెంటీమీటర్ల మనిషి కూర్చుంటే పీట నుంచి నడినెత్తికి సుమారు 86. కాళ్లలో మొత్తం పద్నాలుగు కలిపి 179 చేసుకున్నా కూర్చుంటే మళ్లీ అదే 86. లక్షల రూపాయల అభివృద్ధి సోఫా ముందు టీపాయ్ కింద ముడుచుకుని ఉంటుంది. అమ్మాయి మేనమామ చూసేది పైభాగం. అక్కడ శంకుస్థాపన కూడా జరగలేదు.

అంచేత నా సూచన ఒక్కటే. ఆపరేషన్లు మానకపోతే మానకండి, పెళ్లిచూపులు మాత్రం నిలబడి జరపండి. గోడకు స్కేలు వేయించండి. కాఫీ కూడా నిలబడే ఇవ్వండి. ఎత్తుకు కట్టిన విలువ ఎత్తుకు దక్కాలి.

అయినా పెళ్లి మాత్రం ఎలా నిలబడి చేస్తారు? ముహూర్తం వేళకు పీటల మీద కూర్చోవాల్సిందే. పెళ్లికొడుకు కాళ్లు మడుచుకుందామని చూస్తాడు. మోకాలు సగం దాకా వంగి ఆగుతుంది. పురోహితుడు మంత్రం ఆపి, "నాయనా, బాసింపట్టు," అంటాడు. ఈయన ఎటో చూస్తాడు. ఒక కాలు చాపుతాడు, అది తెర కింద నుంచి అవతలికి పోయి అమ్మాయి పీటకు తగులుతుంది. జీలకర్రా బెల్లం పెట్టడానికి ఆమె చెయ్యి ఎత్తుతుంది. తల ఎప్పుడూ ఉండే చోటే ఉంది, సులువుగానే అందుతుంది.

తర్వాత ఇద్దరూ లేచి స్టేజీ మీదికి వస్తారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన ఎత్తు పదిమందిలో నిలబడి కనిపించే క్షణం అది. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి చూస్తాడు, తల పక్కకు తీస్తాడు, మళ్లీ చూస్తాడు.

"అమ్మాయి మరీ పొట్టిగా పడుతోందండీ. కాళ్ల కింద ఏదైనా పీట వేయండి."