జింకకి మాగ్నం దేనికి?

నవంబరు దగ్గర పడుతోందంటే టెక్సాస్‌లో మనవాళ్ల పార్టీల్లో తుపాకుల కబుర్లు మొదలవుతాయి. కొత్తగా వేట మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది చూపు .300 మాగ్నం మీదే, అంటే మామూలుకంటే ఎక్కువ మందుగుండు పట్టే తూటా మీదే. తెల్లతోక జింకకి అంత మందుగుండు దండగని నా అభిప్రాయం. అది భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తన్నుకి జడిసి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటే గురి ఎక్కడ కుదురుతుంది? ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల్లో దిగితే 1955 నాటి .243 విన్‌చెస్టర్ తూటా చాలు (ఈ అంకె తూటా మందం, అంగుళాల్లో). .308 అయితే ఇంకా ధీమా.

అసలు చూడాల్సింది తూటా తయారీ. ఒకే షాపులో, ఒకే అరలో .243 పెట్టెలు రెండుంటాయి. ఒకదాని మీద తూటా బరువు 58 గ్రెయిన్లు, ఇంకోదాని మీద 100 గ్రెయిన్లు, సాఫ్ట్ పాయింట్ (మెత్తటి సీసపు కొన). మొదటిది నక్కల్లాంటి కొయోటీలకి చేసింది. జింక భుజం ఎముకకి తగిలితే పైపైనే చెదిరిపోవచ్చు, గాయపడ్డ జంతువు పొదల్లోకి పారిపోతుంది. రెండోది లోపలికి దిగి విచ్చుకుంటుంది. చవకని ఫుల్ మెటల్ జాకెట్ (మొత్తం గట్టి లోహపు తొడుగున్న తూటా) కొనేవాళ్లకి ఒక దండం! అది విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. రేంజ్‌లో సాధనకి దాచుకోండి.

మాంసం పిల్లలకి వండిపెట్టేవాళ్లు రాగి తూటా కొనాలంటాను. సీసం తూటా పగిలినప్పుడు కంటికి కనపడని నలుసులు గాయానికి దూరంగా కూడా చేరతాయి, కీమా కొట్టిస్తే మొత్తం కలిసిపోతాయి. 2008లో నార్త్ డకోటాలో ఇలాంటి నలుసులు బయటపడే, దానంగా వచ్చిన జింక కీమాని పేదలకి పంచొద్దన్నారు. కాండోర్ రాబందుల కోసం మొదలైన పోరు ఫలితంగా కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలే నిషేధం. రాగిది ఖరీదే, కానీ సీజన్ మొత్తానికి ఒక పెట్టె సరిపోయి మిగులుతుంది కూడా.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. ఒహాయో, మిషిగన్ వెళ్లేవాళ్లు అక్కడి రూల్సు విడిగా చదవాలి. మిషిగన్ దక్షిణ భాగంలో చాలాచోట్ల .308తో జింకని చాలా ఏళ్లు కొట్టనివ్వలేదు.

ఏ పెట్టె కొన్నా, అదే తూటాతో స్కోప్ (తుపాకీ మీది గురిచూసే దుర్భిణి) సరిచేసుకోండి. బ్రాండు మారితే గురి కూడా పక్కకి జరుగుతుంది.