తిరిగే కాలు వైద్యానికి ఏమిస్తుంది?

‘తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు’ అంటారు. డాక్టరు కావాలనుకునే కుర్రాళ్ల విషయంలో తిరిగే కాలికి మరీ చిన్నచూపు. పద్దెనిమిదేళ్లకే సీటు కొట్టినవాడు తెలివైనవాడు. నాలుగు దేశాలు తిరిగి, నాలుగు రకాల పనులు చేసి ముప్ఫైకి దగ్గరపడ్డాక చేరినవాడు దారితప్పినవాడు. ఈ లెక్క నాకు ఒప్పదు. అలాగని లోకం చూస్తే జాలిగుండె వస్తుందన్న మాటా నమ్మను. లోకమంతా తిరిగొచ్చిన కఠినాత్ములు కావలసినంత మంది ఉన్నారు. తిరుగుడు వల్ల ఒరిగేది వేరే ఉంది: రోగికి ఇల్లెలా గడుస్తోందో అడగాలని తోచడం.

హైతీ పేదలకు వైద్యం చేసిన డాక్టరు పాల్ ఫార్మర్ సంగతే చూడండి. 1959లో అమెరికాలో పుట్టిన ఈయన బాల్యం ఫ్లోరిడాలో కొన్నాళ్లు ఓ పాత బస్సులో, కొన్నాళ్లు పడవలో గడిచింది. (అంతకుముందు టీబీ పరీక్షలకు వాడిన బస్సు అది. కాకతాళీయమే!) చిన్నప్పుడే ఇంటివాళ్లతో పళ్లు కోసే కూలికి వెళ్లి, పక్కచెట్ల మీద హైతీ (కరీబియన్ ద్వీపదేశం) కూలీలు వాళ్ల క్రియోల్ భాషలో మాట్లాడుకునే మాటలు విన్నారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, 1983లో హైతీ వెళ్లి, ఆ తర్వాతే హార్వర్డ్‌లో వైద్యవిద్యలో చేరారు.

హైతీలో మందులు ఊరికే ఇచ్చినా టీబీ అందరికీ తగ్గేది కాదు. జబ్బు చేతబడి వల్ల వచ్చిందని నమ్ముతారు, అందుకే మందులు మానేస్తారని నింద రోగి మీదికే పోయేది. ఫార్మర్ బృందం కొందరికి మందులతో పాటు తిండికి, దారిఖర్చులకు నెలనెలా డబ్బిచ్చి, ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలను పంపింది. వాళ్లందరికీ నయమైంది. ఉత్త మందులే అందినవారిలో చాలామందికి కాలేదు. చేతబడిని నమ్మారా లేదా అన్నదానితో ఫలితం మారలేదు. పరగడుపున మాత్ర వేసుకుంటే ఏమవుతోంది, ఆసుపత్రికి నడిచిన రోజు కూలి పోతే పొయ్యి వెలుగుతుందా? ఎక్స్‌రేలో కనబడవివి. కూలిపని చేసిన మనిషికి అడగాలని తడతాయి.

దేశాలే తిరగాలనీ లేదు. ఆస్ట్రియా వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపేవాడి కొడుకు. పీపాను తట్టి ద్రాక్షసారా ఎంత మిగిలిందో చెప్పే విద్యనే రోగి ఛాతీ మీద ప్రయోగించి, 1761లో దాని మీద పుస్తకం అచ్చువేశారని చెబుతారు. డాక్టర్లు ఇప్పటికీ వీపు మీద ఒక వేలు ఆనించి, దాన్ని మరో వేలితో కొడతారు. ఊపిరితిత్తిలో గాలి ఆడేచోట డొల్లగా, నీరు చేరినచోట మొద్దుగా పలుకుతుంది.

అందుకే దరఖాస్తులో పాస్‌పోర్టు ముద్రలు చూసి మురిసిపోయే విదేశీ వైద్య కళాశాలల సీట్ల కమిటీలంటే నాకు చిరాకు. పేద దేశంలో రెండు వారాలు ‘సేవ’ చేసి ఫొటోలు దిగడానికి ముందు టికెట్టు డబ్బులుండాలి. మంచాన పడ్డ తాతకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, రాత్రి షిఫ్టుకు పరిగెత్తిన పిల్లకు ఏ ముద్రా ఉండదు. పుండు పడకుండా మనిషిని ఎలా ఒత్తిగిలించాలో మాత్రం ఆమెకు తెలుసు.

ఇంతా చేసి, తిరుగుడు వైద్యంలోంచి బయటికీ లాక్కుపోవచ్చు. ఎర్నెస్టో గువేరా (తర్వాత విప్లవకారుడిగా పేరుపడ్డ చే గువేరా) 1952లో చదువు మధ్యలో మిత్రుడితో మోటార్‌సైకిల్ మీద దక్షిణ అమెరికా బయల్దేరారు. పెరూలోని శాన్ పాబ్లో కుష్ఠురోగుల కాలనీలో కొన్నాళ్లున్నారు. 1953లో పట్టా పుచ్చుకున్నారు. 1956లో ఫిడెల్ కాస్ట్రో తిరుగుబాటు దళంతో గ్రాన్మా పడవెక్కి క్యూబాకు వెళ్లిందీ ఆ దళం డాక్టరుగానే. దిగిన కొద్దిరోజులకే శత్రువు కాల్పుల్లో మందుల సంచి, తూటాల పెట్టె రెండూ మోయలేక, పెట్టెనే ఎత్తుకున్నానని ఆయనే రాసుకున్నారు.