మంచు కరిగింది, సూపరింటెండెంట్ గారి మనసు కరగలేదు

ప్రపంచంలో యుద్ధాలు జరుగుతున్నాయి, వీసా రూల్స్ పూటకోసారి మారుతున్నాయి, అవన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి గానీ, మంచు తుఫాను ఆగిపోయాక బడి ఎప్పుడు తెరవాలి అనే విషయం మీద మానవజాతి ఇంతవరకు ఒక మాట మీదకి రాలేకపోవడం మాత్రం నన్ను బాగా కలచివేస్తోంది. మేముండేది అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కనే, నార్తర్న్ వర్జీనియాలో. మంచు ఆగి చాలా సేపైంది, రోడ్డు నల్లగా కనిపిస్తోంది, అమెజాన్ వాడు వచ్చి పార్సిల్ ఇచ్చి వెళ్ళాడు, ఎదురింటాయన షార్ట్స్ వేసుకుని కుక్కని తిప్పుతున్నాడు, బడి మాత్రం మూతే. పౌరుడిగా, పన్ను కట్టేవాడిగా, అన్నిటికన్నా ముఖ్యంగా ఇద్దరు పిల్లలతో టౌన్‌హౌస్‌లో ఇరుక్కుపోయినవాడిగా ఈ నాలుగు మాటలు రాయడం నా బాధ్యత అనుకుంటున్నా.

ఊరికే నోటికొచ్చింది రాయట్లేదండోయ్, శాస్త్రీయంగా పరిశీలించాను, అంటే దుప్పట్లోంచి, ఫోన్లో. తేలిందేంటంటే, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని బళ్ళన్నిటికీ పెద్ద సూపరింటెండెంట్, ఆయన తీసుకునే ఈ నిర్ణయం వెనక పెద్ద తతంగమే ఉంది. అర్ధరాత్రి దాటాక ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు బండ్లేసుకుని రోడ్ల మీద తిరుగుతారు, ఎక్కడ కంటికి కనపడని పల్చటి బ్లాక్ ఐస్ ఉంది, ఏ మలుపులో బస్సు తిరగదు, ఏ స్కూల్ పార్కింగ్ ఇంకా తవ్వలేదు అని చూస్తారు, పక్క కౌంటీల వాళ్ళతో ఫోన్లో మాట్లాడుకుంటారు, వాతావరణ శాఖ లెక్కలు చూస్తారు, ఇంతా చేసి తెల్లారకుండానే మనకి మెసేజ్ కొడతారు: క్లోజ్డ్. ఈ ముక్క కోసం రాత్రంతా నిద్ర మానుకోవడం దేనికో నాకర్థం కాదు, నన్నడిగితే పడుకునే ముందే చెప్పేసేవాణ్ణి.

అసలు చిక్కంతా భూగోళంలో ఉంది. ఉదాహరణకి లౌడన్ కౌంటీ తీసుకోండి. తూర్పున ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, కేక వేస్తే నలుగురు తెలుగువాళ్ళు పలికే ఏరియా. పడమరకి పోతే పర్సెల్‌విల్, రౌండ్ హిల్, బ్లూమాంట్, బ్లూ రిడ్జ్ కొండల కింద గుర్రాల ఫారాలు, ద్రాక్షతోటలు, రెండొందల మైళ్ళకి పైగా కంకర రోడ్లు. మొత్తం 80 వేల పైచిలుకు పిల్లలు, నిర్ణయం మాత్రం ఒకటే. బ్లూమాంట్ దగ్గర కొండ నీడలో ఎండ మొహం చూడని కంకర రోడ్డు మీద ఐస్ మిగిలుంటే చాలు, ఆష్‌బర్న్‌లో వడియాలు పెట్టుకునేంత ఎండ కాసినా అక్కడా బడి లేదు. ప్రపంచం ఇంటర్నెట్‌లో పెద్ద వాటా ఆ ఆష్‌బర్న్ డేటా సెంటర్లలోంచే పోతుందని గొప్పగా చెప్పుకుంటాం కదా, బ్రెజిల్‌లో ఎవరో పిల్లి వీడియో చూస్తుంటే అది ఒక్క సెకను ఆగదు, మూడో క్లాసు పిల్ల అరమైలు అవతలున్న బడికి మాత్రం చేరలేదు.

వర్జీనియాలో ఇంకో విడ్డూరం ఉంది. రెండు కౌంటీలు, ఆర్లింగ్టన్, హెన్రైకో, తప్పిస్తే మిగతా కౌంటీల్లో సందు రోడ్లు కూడా స్టేట్ వాళ్ళవే, వీడాట్ అనే స్టేట్ రోడ్ల శాఖ చూసుకుంటుంది. అంటే బడి కౌంటీది, రోడ్డు స్టేట్‌ది, మంచు గీకే ప్లో బండి కాంట్రాక్టరుది, సైడ్‌వాక్ కాలనీ సంఘం హెచ్ఓఏదో ఇంటి ఓనర్‌దో గొడవపడి తేల్చుకోవాలి, ఇక బస్‌స్టాప్ దగ్గరి జానెడు జాగా ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి ప్లో వాడు వీధి వీధంతా గీకిన మంచు తెచ్చి సరిగ్గా అక్కడే కుప్పపోస్తాడు, అది రాత్రికి గడ్డకట్టి రాయవుతుంది, పిల్లలు బస్సు కోసం రోడ్డు మధ్యలో నిలబడాలి. మా వీధి చివరి కుప్పకి మా నాన్నగారు మోకాళ్ళ పర్వతం అని పేరు పెట్టారు, దాన్నెక్కాలంటే ఇంకో మార్గం లేదు మరి.

సరే, సూపరింటెండెంట్లు ఎందుకిలా తయారయ్యారు అని చరిత్ర తిరగేశాను. 2009 జనవరిలో ఒబామా ప్రెసిడెంటయ్యి వారం తిరిగిందో లేదో, ఐస్ వల్ల వాళ్ళ అమ్మాయిల బడి మూసేశారు. షికాగోలో ఇట్లా మూయరు, ఈ ఊరికి షికాగో గట్టిదనం కాస్త ఎక్కించాలి అని ఆయన విలేకర్ల ముందే ఎత్తిపొడిచాడు. మా వాట్సాప్ గ్రూపులో ఈ మాట ఇప్పటికీ ఏటా ఒకసారి ఫార్వర్డ్ అవుతుంది. అవ్వనిది ఏంటంటే 2016 జనవరి 20 సంగతి. ఆ సాయంత్రం ఇక్కడ పడింది ఒక ఇంచు, అంతే, రోడ్లకి ముందుగా ఉప్పు పడలేదు, వాషింగ్టన్ చుట్టుపక్కలంతా గాజు పరిచినట్టైపోయింది, జనం గంటల తరబడి కార్లలో కూర్చున్నారు, ఒబామా గారి కాన్వాయ్ కూడా అందరితో పాటే పాకుతూ ఇంటికి చేరింది. మర్నాడు మేయర్ బౌజర్ క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. ఆ వెంటనే అసలు తుఫాను వచ్చి డల్లెస్ ఎయిర్‌పోర్టులో 29.3 ఇంచులు పోసి పోయింది, అప్పుడు గట్టిదనం గురించి ఎవరూ మాట్లాడలేదు.

లౌడన్ పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వాళ్ళు 2015 జనవరి 6న ధైర్యం చేసి బడి తెరిచారు. నాలుగు ఇంచుల దాకా పడింది, బస్సులు ఇరుక్కున్నాయి, పిల్లలు ట్విట్టర్లో మూసేయండి మహాప్రభో అని హ్యాష్‌ట్యాగ్ పెట్టి దేశమంతా ట్రెండ్ చేసి పారేశారు, డిస్ట్రిక్ట్ వాళ్ళు సారీ చెప్పారు. దానికి ముందు ఏడాది జనవరి 28న అట్లాంటాలో ఇంకా ఘోరం. పొద్దున బళ్ళు తెరిచారు, మధ్యాహ్నానికి మంచు మొదలైంది, బళ్ళు, ఆఫీసులు అందరూ ఒకేసారి జనాన్ని వదిలేశారు, రెండున్నర ఇంచుల మంచుకి మహానగరం మొత్తం హైవేల మీద బిగుసుకుపోయింది, వేలమంది పిల్లలు ఆ రాత్రి బడిలోనే పడుకున్నారు, కొంతమంది బస్సుల్లో. మరో రెండు వారాలకి న్యూయార్క్‌లో పెద్ద తుఫాను పడుతుంటే బళ్ళు తెరిచే ఉంచి, స్కూల్స్ ఛాన్సలర్ కార్మెన్ ఫరీన్యా మీడియా ముందుకొచ్చి, బయట చాలా అందమైన రోజు అనేసింది. ఆ రోజు సగం మంది పిల్లలు కూడా బడికి రాలేదు, టీవీలో వాతావరణం చెప్పే ఆల్ రోకర్ ఒలింపిక్స్ కోసం రష్యాలో ఉండి కూడా, అక్కణ్ణుంచే మేయర్‌ని ట్విట్టర్లో ఉతికి ఆరేశాడు.

వీటన్నిటి నుంచి సూపరింటెండెంట్ గార్లు నేర్చుకున్న పాఠం ఒకటే. తెరిచి తప్పు చేస్తే పేపర్లో పడతారు, మూసి తప్పు చేస్తే వాట్సాప్‌లో పడతారు. పేపర్ కన్నా వాట్సాప్ నయం అని వాళ్ళ ఉద్దేశం. మా గ్రూపు ఇంకా చూళ్ళేదు వాళ్ళు.

మా గ్రూపులో రెండొందల మంది పైనే ఉన్నాం, అందరం వాతావరణ శాస్త్రవేత్తలమే. పొద్దున్నే మెసేజ్ రాగానే ముందు ఒకావిడ ఏడుపు ఎమోజీలు పెడుతుంది, తర్వాత ఒకాయన తన వీధి ఫోటో పెట్టి చూడండి ఎంత క్లియర్‌గా ఉందో అంటాడు, వెంటనే ఇంకొకావిడ తన వీధి ఫోటో పెడుతుంది, దాంట్లో కారే కనపడదు. అప్పుడు దిగుతారు మా 'మా రోజుల్లో' అంకుల్. మా రోజుల్లో మోకాలి లోతు నీళ్ళలో వాగు దాటి బడికి పోయేవాళ్ళం, పలకలు నెత్తిన పెట్టుకుని, అని. అంకుల్, మీది గుంటూరు బ్రాడీపేట కదా, అక్కడ వాగెక్కడుంది అని ఎవరూ అడగరు, పెద్దాయన. అదే ఊపులో ఆయన పిల్లల చదువులు దెబ్బతింటున్నాయి, లెర్నింగ్ లాస్, అంటారు. ఆ మాట పడగానే గ్రూపంతా గంభీరంగా మారిపోతుంది. నిజానికి మా పిల్లల మ్యాథ్ ట్యూషన్ జూమ్‌లో నడుస్తోంది, కర్ణాటక సంగీతం జూమ్‌లో నడుస్తోంది, స్పెల్లింగ్ బీ కోచింగ్ అయితే తుఫాను పడుతున్న రోజు కూడా ఆగలేదు. లాస్ అవుతున్నది ఒక్కటే, తొమ్మిదింటికి ఆఫీసు టీముతో రోజూ ఉండే నా స్టాండప్ కాల్. నేను పనికి అడ్డంకులు, అదే బ్లాకర్స్, ఏం లేవు అని చెప్తుంటే నా వెనకాల ఇద్దరు బ్లాకర్లు రిమోట్ కోసం కొట్టుకుంటున్నారు, క్లయింటు చూస్తున్నాడు.

మా నాన్నగారిది విశాఖపట్నం, హుద్‌హుద్ చూసిన మనిషి, 2014 అక్టోబరులో ఊళ్ళో చెట్టనేది మిగలకుండా పోతే రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన మనిషి. ఆయన కిటికీలోంచి కాసేపు చూసి, ఇక్కడ కలెక్టర్ ఎవర్రా, ఆయనకి చెప్పండి తెరుస్తాడు అన్నారు. మనవైపు వానొస్తే పిల్లలందరూ కలెక్టర్ గారి ఎక్స్ పేజీ కింద సార్ ప్లీజ్ సార్ రేపు హాలిడే సార్ అని దణ్ణాలు పెట్టడం, ఇక్కడ తల్లిదండ్రులు సూపరింటెండెంట్ పేజీ కింద సార్ ప్లీజ్ సార్ తెరవండి సార్ అని ఏడవడం, రెండూ చూశాక నాన్నగారు టీవీ పెట్టుకున్నారు.

ఇక్కడ కొంతమంది అడ్డుపుల్లలు వేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ సంగతి కూడా రాస్తాను, మళ్ళీ నిష్పక్షపాతంగా రాయలేదనకుండా. బస్సు డ్రైవర్ల సంగతేంటి అంటారు. ఈ ప్రాంతంలో ఇళ్ళ రేట్లు ఎట్లా ఉన్నాయో తెలుసుగా, బస్సు నడిపేవాళ్ళు, క్యాంటీన్లో వండేవాళ్ళు చాలామంది ఇక్కడ ఉండలేక వెస్ట్ వర్జీనియాలో ఉండి కొండ దాటి వస్తారు. ఏడింటికి మా పిల్ల బస్సెక్కాలంటే ఆ బస్సు నడిపే ఆవిడ మూడున్నరకో నాలుగింటికో ఆ ఐస్ మీద కారు తీయాలి. దీనికి నా సమాధానం ఏంటంటే, ఆవిడ మా వాట్సాప్ గ్రూపులో లేదు. ఉంటే ఆవిడ వీధి ఫోటో కూడా పెట్టేది, చూసేవాళ్ళం. బడి భోజనం మీదే ఆధారపడ్డ పిల్లలున్నారు, ఇంట్లో పిల్లని వదిలి గంటల లెక్కన పనికి పోవాల్సిన తల్లులున్నారు అని కూడా అంటారు, అందమైన రోజు అని నవ్వులపాలైన ఆ ఛాన్సలర్ ఆ రోజు బళ్ళు తెరిచింది ఆ వేడి భోజనం కోసమేనట. ఇది బడి తెరవాలనే వాదనకి నాకు బాగా పనికొస్తుంది కాబట్టి వాడుకుంటాను, బడి తెరిచేదాకా.

పరిష్కారాలు లేకపోలేదు. వర్జీనియా రూల్ ప్రకారం ఏడాదికి 180 రోజులు, లేదా 990 గంటలు చదువు చెప్పాలి. ఈ 'లేదా' దగ్గరే ఉంది కిటుకంతా. రోజూ నాలుగు నిమిషాలు ఎక్కువ నడిపి గంటలు దాచుకుంటారు, మంచు పడ్డప్పుడు ఖర్చుపెడతారు, మనం వెకేషన్ బ్యాలెన్స్ దాచుకున్నట్టే. ఆన్‌లైన్ క్లాసులు పెట్టచ్చు కదా అంటే, 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ వాళ్ళు అదీ చేసి చూశారు, మంచు పడితే బడి మూయం, అందరూ లాగిన్ అవ్వండి అని ముందే ప్రాక్టీసు కూడా చేయించారు, తీరా ఆ పొద్దున లాగిన్ పనిచెయ్యలేదు. ఛాన్సలర్ తప్పంతా లాగిన్ చూసుకునే కంపెనీ ఐబీఎం మీదకి తోసేశాడు. పిల్లలకి అంతకన్నా మంచి జీవితపాఠం ఏ క్లాసులో దొరుకుతుంది చెప్పండి, మంచు రోజు నెపం మంచు మీద పడేసే రోజులు పోయి వెండర్ మీద పడేసే రోజులొచ్చాయి.

నా మటుకు నేను నిర్ణయాన్ని పిల్లలకే వదిలేయాలంటాను. ఈ దేశం పిల్లలకి దీంట్లో తరాల అనుభవం ఉంది. నైట్‌డ్రెస్ తిరగేసి తొడుక్కోవాలి, దిండు కింద చెంచా పెట్టుకోవాలి, టాయ్‌లెట్‌లో ఐస్ ముక్కలు వేసి ఫ్లష్ చెయ్యాలి, పొద్దున్నకి సెలవు. మా చిన్నది ఈ మూడూ చేసింది, ఫలితం మీరే చూస్తున్నారు, కొంచెం డోసు ఎక్కువైంది. పెద్దవాడు మాత్రం సైన్స్ మనిషి, స్నో డే క్యాలిక్యులేటర్ నమ్ముతాడు, 2007లో న్యూజెర్సీలో మిడిల్ స్కూల్ చదివే కుర్రాడొకడు తయారుచేసిన వెబ్‌సైట్ అది, జిప్ కోడ్ కొడితే రేపు సెలవుకి ఎంత శాతం ఛాన్సుందో చెప్తుంది. తెల్లార్లూ రోడ్ల మీద తిరిగే డిపార్ట్‌మెంటు కన్నా మావాడికి దాని మీదే గురి.

ఇవేవీ కుదరకపోతే అందరికీ నచ్చే మధ్యేమార్గం ఎలాగూ ఉంది, టూ అవర్ డిలే, అంటే బడి రెండు గంటలు ఆలస్యంగా తెరవడం. బడి ఉంది, కానీ లేదు. ఆఫీసుకి లేటు, కానీ లీవు కాదు. పిల్లలకి టిఫిన్ పెట్టి, బూట్లు తొడిగి, జాకెట్ జిప్ పెట్టి గుమ్మం దగ్గర నిలబెట్టాక, అప్పుడు వస్తుంది రెండో మెసేజ్, డిలే కాదు క్లోజ్డ్ అని. ఈ రెండో మెసేజ్ కనిపెట్టినవాడెవడో గానీ పిల్లలు లేనివాడే అయ్యుంటాడు.

తాజా కబురు, రేపు టూ అవర్ డిలేతో తెరుస్తున్నారట. గ్రూపులో సంబరాలు మొదలయ్యేలోపే ఇంకో వార్త వచ్చింది, శుక్రవారం మళ్ళీ రెండు నుంచి నాలుగు ఇంచులు పడచ్చని. అప్పుడే పిటిషన్ తయారైపోయింది, పిల్లల ప్రాణాలతో ఆటలొద్దు, శుక్రవారం ముందుగానే మూసెయ్యండి అని, లింకు నొక్కి చూస్తే మొదటి సంతకం మా 'మా రోజుల్లో' అంకుల్‌దే. గురువారం రాత్రి మనవలతో ఓర్లాండో ఫ్లైట్ ఉందట ఆయనకి. రెండో సంతకం నాది, కాల్ లేదు ఆ రోజు.