స్వర్గీయ ల్యాన్ కార్డు గారి వారసత్వ వివాదం

మొన్న ఆదివారం ఉరుముల వానలో మా కంప్యూటర్‌లో నెట్ కేబుల్ గుచ్చే ల్యాన్ కార్డు కాలం చేసింది. స్క్రూలు విప్పి, ఖాళీ బిర్యానీ డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను. కొత్తది కొని బిగించాను. ఇక నెట్ వచ్చేస్తుందనుకున్నాను. మీరు నవ్వుతున్నారని తెలుసు.

కేబుల్ నెట్ వారు గుర్తుపట్టేది మనిషిని కాదు, కార్డుని. ప్రతి కార్డుకీ ఫ్యాక్టరీలోనే 12 గుర్తుల మ్యాక్ అడ్రస్ పెట్టి పంపుతారు. మన పద్ధతే, ఇంటిపేరు ముందు. మొదటి 6 తయారీ కంపెనీకి ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ కేటాయించినవి, తర్వాతి 6 సొంత పేరు. నెలనెలా బిల్లు కట్టే నా పేరుతో ఎవరికీ పనిలేదు.

ఫోన్ చేశాను.

"పాత కార్డుతో ఒకసారి లాగిన్ అయి, కొత్తది యాడ్ చేస్కోండి సార్."

"పాతది కాలిపోయింది బాబూ."

"అవును సార్, దాంతోనే అవ్వాలి."

అంటే శవం లేచొచ్చి సంతకం పెట్టాలి. అరగంట బతిమాలితే కొత్త కార్డు అడ్రస్ ఫోన్లోనే రాసుకుంటానన్నాడు.

"ఎఫ్."

"ఎస్ ఫర్ సికింద్రాబాద్."

"ఎస్ కాదు, ఎఫ్. ఫ్యాన్‌లో ఎఫ్."

"ఓకే సార్, ఎన్."

"తర్వాత సున్నా."

"సున్నానా, ఓనా సార్?"

"ఇందులో ఓ ఉండదు నాయనా. 0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్. అంతే."

"మరి ఇందాక ఎస్ అన్నారు?"

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అతని లెక్కకి 13 వచ్చాయి. టికెట్ రైజ్ చేశాను, 48 గంటలు పడుతుందన్నాడు. మ్యాక్ అడ్రస్‌లో బిట్లు కూడా 48. బిట్టుకో గంట కాబోలు.

ఇదంతా భద్రత కోసమట! ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లే వైఫై వైఫైకీ ఓ దొంగ మ్యాక్ పెట్టుకు తిరుగుతున్నాయి. లైనక్స్ కంప్యూటర్లో ఒక్క కమాండుతో అడ్రస్ మారిపోతుంది. ఏ దొంగ ఆగాడయ్యా మీ తాళానికి? ఆగింది మా పైవాటా రిటైర్డ్ టీచరమ్మ. కార్డు మార్చిన పాపానికి నాలుగు రోజులు నెట్ లేదు. మోకాళ్ల నొప్పులతో మీ మూడో అంతస్తు ఆఫీసు మెట్లు మూడుసార్లు ఎక్కింది. ఆధార్ జిరాక్స్ ఇచ్చింది. కార్డు నంబరుకీ ఆధార్‌కీ ఏం చుట్టరికం? ఆ నాలుగు రోజుల డబ్బులైనా తగ్గించారా? సిగ్గుండాలి.

నాకంత ఓపిక లేదు. అటక మీది డబ్బా దించాను. కార్డు మీద స్టిక్కర్ చెక్కుచెదరలేదు. కొత్త కార్డు ప్రాపర్టీస్‌లో, అడ్వాన్స్‌డ్‌లో, నెట్‌వర్క్ అడ్రస్ అని ఒక గడి ఉంది. అందులో పాత 12 కొట్టాను. ఓకే నొక్కేసరికి నెట్ వచ్చేసింది.

మర్నాడు అతనే ఫోన్ చేశాడు.

"సార్, మీ టికెట్ క్లోజ్ చేస్తున్నాం. మీ పాత కార్డు బాగానే ఉంది సార్, రాత్రి నుంచీ ఆన్‌లైన్లోనే ఉంది."